పెద్దలలో పెరుగుదల హార్మోను చికిత్స: శరీరపు క్రొవ్వు, లెప్టిన్

ఆరోగ్యమును గూర్చి మాటలాడునపుడు జనులు సాధారణముగ మొదట బరువునే లెక్కింతురు. తూనికయంత్రపు ముల్లు వెనుకకు జరిగినచో సంతోషింతురు. ముందునకు జరిగినచో చింతింతురు. కాని ఆ యంత్రమునకు ఒక లోపము కలదు. అది కిలోగ్రాము కండరమునకును కిలోగ్రాము క్రొవ్వునకును భేదము చూపజాలదు. ఒకే ఎత్తు, ఒకే బరువు గల ఇరువురిలో ఒకరి దేహమున కండరము హెచ్చుగను, వేరొకరి దేహమున క్రొవ్వు హెచ్చుగను ఉండవచ్చును. అట్టివారి ఆరోగ్యము ఒక్క తీరున ఉండదు.

ఈ భేదమును స్పష్టముగ కనబరచు చికిత్స యొకటి కలదు. పీయూషగ్రంథి చెడినందున పెరుగుదల హార్మోను కొరవడిన పెద్దలకు ఆ హార్మోనును సూదిమందుగా నిచ్చుటయే ఆ చికిత్స. దీనివలన రోగి బరువు మారకపోయినను, దేహములోని క్రొవ్వు తగ్గి కండరము పెరుగును. క్రొవ్వుతోపాటు రక్తములోని లెప్టిన్ అను మరియొక హార్మోను కూడ తగ్గును. ఇది ఎట్లు జరుగునో, ఈ మందు ఎవరికి మేలు చేయునో, ఎవరు దీనికి దూరముగ నుండవలెనో తెలిసికొనుట అవసరము. ఏలయన, ఈ మందు వలన నిజముగ ప్రయోజనము పొందదగినవారు పెక్కుమంది తమ వ్యాధి యేమో యెరుగక యున్నారు. ప్రయోజనము లేనివారు కొందరు పొట్ట తగ్గునను ఆశతో దీనిని కోరుచున్నారు.

పీయూషగ్రంథి, పెరుగుదల హార్మోను

మెదడు అడుగుభాగమున, చిన్న ఎముకగుంటలో, బఠాణీగింజంత గ్రంథి యొకటి యుండును. దీనికి పీయూషగ్రంథి యని పేరు. ఇది చిన్నదైనను దీని అధికారము పెద్దది. థైరాయిడ్ గ్రంథి, మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు, స్త్రీపురుషుల జననేంద్రియ గ్రంథులు దీని ఆజ్ఞలకు లోబడి పనిచేయును. ఇది స్రవించు హార్మోనులలో నొకటి పెరుగుదల హార్మోను.

బాలబాలికలు పొడవు పెరుగుటకు ఈ హార్మోను కావలెను. అందుచేతనే దీనికి ఆ పేరు కలిగినది. అయితే ఎదుగుదల నిలిచిన పిమ్మట దీని పని ముగియునని తలచుట పొరపాటు. పెద్దలలో సయితము పీయూషగ్రంథి ఈ హార్మోనును విడుదల చేయుచునే యుండును. అది ఎడతెగని ధారగ గాక, అప్పుడప్పుడు అలలవలె వచ్చును. గాఢనిద్రలో హెచ్చుగ వచ్చును. వయస్సు పెరిగినకొలది దాని మోతాదు క్రమముగ తగ్గును.

పెద్దలలో ఈ హార్మోను చేయు పనులు ముఖ్యముగ మూడు. మొదటిది, కండరములోని మాంసకృత్తులను నిలుపుట. రెండవది, ఎముకల గట్టిదనమును కాపాడుట. మూడవది, నిలువయున్న క్రొవ్వును కరిగించి దేహమునకు ఇంధనముగ నందించుట. ఇందు కొన్ని పనులను తానే స్వయముగ చేయును. మరికొన్నిటిని కాలేయమునందు ముఖ్యముగ తయారగు ఐ.జి.ఎఫ్.-1 అను పదార్థము ద్వారా చేయించును.

ఈ హార్మోను ఎందుకు కొరవడును

పెద్దలలో ఈ లోపము కలుగుటకు సామాన్య కారణములు పీయూషగ్రంథిలో గాని దాని చెంత గాని పుట్టు కంతులు, ఆ కంతులకు చేసిన శస్త్రచికిత్స, తలకు ఇచ్చిన కిరణచికిత్స, తలకు తగిలిన పెద్దదెబ్బలు. మన దేశమునందును ఇరుగుపొరుగు దేశములందును వీనికి తోడు మరి రెండు కారణములను ప్రత్యేకముగ చెప్పుకొనవలసియున్నది.

ఒకటి, కాన్పు సమయమున అధిక రక్తస్రావము. గర్భిణీదశలో పీయూషగ్రంథి పరిమాణము పెరుగును. దానికి రక్తము హెచ్చుగ కావలెను. ప్రసవమునందు మితిమీరి రక్తము పోయి రక్తపుపోటు పడిపోయినచో, ఆ గ్రంథికి రక్తమందక కొంతభాగము నశించును. ఈ సంగతిని బ్రిటిషు వైద్యుడు హెరాల్డ్ షీహాన్ 1937లో వివరించెను. అందుచే దీనిని షీహాన్ వ్యాధి యందురు. ఆసుపత్రి కాన్పులు హెచ్చిన దేశములలో ఇది అరుదైపోయినది. కాశ్మీరులోయలో జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశీలనలో, 20 ఏండ్లు దాటిన, బిడ్డలను కనిన స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి ఈ వ్యాధి యున్నట్లు అంచనా వేయబడెను.

ఇట్టి స్త్రీల చరిత్ర తరచు ఒకేతీరుగ నుండును. కాన్పునాడు రక్తము విపరీతముగ పోయియుండును. బాలింతకు పాలు పడవు. తరువాత ముట్టు తిరిగి రాదు. చంకలలో వెండ్రుకలు రాలిపోవును. చలికి తాళలేరు. చిన్నపనికే అలసట కలుగును. ఇంటివారు దీనిని బాలింత బలహీనత యనియో, సోమరితనమనియో భావింతురు. వ్యాధి యిదియని తెలియునప్పటికి కొందరికి పది యిరువది ఏండ్లు గడచిపోవును.

రెండవ కారణము రక్తపింజరి కాటు. ఈ పాము విషము రక్తము గడ్డకట్టు విధానమును తారుమారు చేయును. కొందరిలో పీయూషగ్రంథియందు రక్తస్రావము కలిగియో, రక్తనాళములు పూడుకొనియో ఆ గ్రంథి దెబ్బతినును. ఇట్టి రోగులను గూర్చి భారతదేశమునుండియు బర్మానుండియు వైద్యులు ప్రకటించియున్నారు. ప్రాణము దక్కినదని సంతోషించి ఇంటికి పోయిన రోగిలో నెలలకో, ఏండ్లకో ఈ లక్షణములు పొడసూపవచ్చును.

ఈ హార్మోను లోపించిన పెద్దలలో కండరము సన్నగిల్లును, క్రొవ్వు పెరుగును. ముఖ్యముగ నడుము చుట్టును, పొట్టలోపల ప్రేవుల నడుమను క్రొవ్వు పేరుకొనును. చెడ్డ కొలెస్టరాలు హెచ్చును. ఎముకలు పలుచబడును. ఉత్సాహము తగ్గును.

లెప్టిన్ అనగా నేమి

పూర్వము క్రొవ్వు కేవలము నిలువసరుకని శాస్త్రజ్ఞులు భావించెడివారు. ఆ అభిప్రాయమును మార్చినది ఒక చిట్టెలుక. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో, ఎంత తినినను తృప్తి చెందక అమితముగ బలియు చిట్టెలుకలు కనబడెను. అచ్చటనే డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు ఒక బలిసిన ఎలుకయొక్కయు ఒక మామూలు ఎలుకయొక్కయు రక్తప్రసారమును కలిపి చూచెను. బలిసిన ఎలుక తిండి తగ్గించి చిక్కినది. రక్తములో ఆకలిని అణచు పదార్థ మేదియో కలదనియు, అది ఆ ఎలుకలో లోపించినదనియు తేలెను. 1994లో న్యూయార్కునందలి రాకిఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము ఆ పదార్థమునకు మూలమైన జన్యువును కనుగొనెను. సన్ననిది అను అర్థము గల గ్రీకుపదమునుండి దానికి లెప్టిన్ అని పేరు పెట్టబడెను.

లెప్టిన్‌ను తయారుచేయునవి ముఖ్యముగ క్రొవ్వుకణములే. దేహమున క్రొవ్వు ఎంత హెచ్చుగ నున్న రక్తములో లెప్టిన్ అంత హెచ్చుగ నుండును. పురుషులలోకంటె స్త్రీలలో ఇది అధికము. పూర్వకాలమున గ్రామకరణము గాదెలలోని ధాన్యపు లెక్క వ్రాసి పైయధికారికి పంపినట్లు, క్రొవ్వుకణములు లెప్టిన్ ద్వారా తమ నిలువల లెక్కను మెదడునకు పంపును. నిలువ చాలినంత కలదని తెలిసినచో మెదడు ఆకలిని తగ్గించును. ఉపవాసమున లెప్టిన్ త్వరగా పడిపోవును. అప్పుడు మెదడు ఆకలిని రేపి, వ్యయమును తగ్గించును.

లెప్టిన్ బొత్తిగ లేనిచో ఏమగునో 1997లో తెలిసినది. పాకిస్థాను మూలములు గల ఒక కుటుంబమునందు, మేనరికపు వివాహముల సంతతియైన ఇద్దరు బాలలలో ఈ హార్మోను దాదాపు లేదని కేంబ్రిడ్జి పరిశోధకులు కనుగొనిరి. ఆ బాలలు తీరని ఆకలితో పసితనమునుండియే విపరీతముగ లావైరి. ఇట్టి లోపమునకు లెప్టిన్ సూదిమందు మంచి గుణమిచ్చునని 1999లో ప్రకటింపబడెను.

ఇట్టివారు మిక్కిలి అరుదు. సామాన్యముగ స్థూలకాయుల రక్తములో లెప్టిన్ తక్కువ కాదు, హెచ్చుగనే యుండును. కాని వారి మెదడు దానిని పెడచెవిని పెట్టును. చెవిటివాని ముందు శంఖమూదినట్లు, ఎంత లెప్టిన్ వచ్చినను ఆకలి తగ్గదు. కావున లెప్టిన్ ఎక్కించుటవలన సామాన్య స్థూలకాయము నయము కాలేదు.

చికిత్సవలన కలుగు మార్పు

పెరుగుదల హార్మోను క్రొవ్వుకణములపై గల ప్రత్యేక గ్రాహకములకు తగులుకొని, లోపల నిలువయున్న క్రొవ్వును విడగొట్టు ఎంజైములను మేల్కొలుపును. విడివడిన క్రొవ్వు ఆమ్లములు రక్తములోనికి వచ్చి కండరములకు ఇంధనమగును. అంతేగాక, క్రొత్తక్రొవ్వు కణములలో చేరుటను కూడ ఈ హార్మోను కొంత అడ్డగించును. పొట్టలోపలి క్రొవ్వు దీనికి చర్మము క్రింది క్రొవ్వుకంటె ఎక్కువగ లోబడును. మధుమేహమునకును గుండెజబ్బునకును హెచ్చుగ దారితీయునది ఆ లోపలిక్రొవ్వే యగుటచే ఈ విషయము గమనింపదగినది.

ఈ మార్పును మొదట కొలిచి చూపినవారు డెన్మార్కులోను లండనులోను పనిచేసిన వైద్యులు. వారి ఫలితములు 1989లో వెలువడెను. లండనులోని పరీక్షయందు, హార్మోను లోపించిన 24 మంది పెద్దలను రెండు భాగములుగ విభజించి, ఒక భాగమునకు హార్మోనును, రెండవ భాగమునకు మందులేని సూదిని ఆరునెలలు ఇచ్చిరి. హార్మోను పొందినవారిలో క్రొవ్వు సగటున 5.7 కిలోగ్రాములు తగ్గినది; క్రొవ్వు కాని దేహభాగము 5.5 కిలోగ్రాములు పెరిగినది. బరువు మాత్రము ఇంచుమించు మారలేదు. తూనికయంత్రమునే నమ్మియున్నచో ఈ చికిత్స నిష్ఫలమని చెప్పవలసివచ్చెడిది.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. పెరిగిన 5.5 కిలోగ్రాములన్నియు కండరము కాదు. ఈ హార్మోను దేహమున ఉప్పును నీటిని నిలుపును గనుక ఆ పెరుగుదలలో కొంత నీరు.

ఇక లెప్టిన్ సంగతి. చికిత్సకు పూర్వము ఈ రోగులలో క్రొవ్వు హెచ్చుగ నుండుటచే లెప్టిన్ కూడ హెచ్చుగ నుండును. నెలల తరబడి చికిత్స జరిగి క్రొవ్వు తగ్గినకొలది, పెక్కు పరిశీలనలలో, లెప్టిన్ కూడ తగ్గినట్లు కనబడెను. క్రొవ్వు ఇంకను తగ్గని మొదటి కొలది దినములలో మాత్రము లెప్టిన్‌లో నిలుకడయైన తగ్గుదల కానరాలేదు. దీనినిబట్టి, పెరుగుదల హార్మోను లెప్టిన్‌ను నేరుగా అణచుటకంటె, క్రొవ్వును తగ్గించి తద్ద్వారా దానిని తగ్గించుచున్నదని చెప్పుట సమంజసము. గాదెలో ధాన్యము తగ్గినందున కరణము లెక్క తగ్గినది. లెక్క తగ్గించినందున ధాన్యము తగ్గలేదు.

దీనికి ఎదురు సాక్ష్యము కూడ కలదు. పీయూషగ్రంథిలోని కంతివలన పెరుగుదల హార్మోను మితిమీరి స్రవించు వ్యాధికి ఆక్రోమెగలీ యని పేరు. ఇందు చేతులు, పాదములు, దవడ పెద్దవగును. ఈ రోగులలో క్రొవ్వు తక్కువ, లెప్టిన్ తక్కువ. కంతిని తొలగించి హార్మోనును అదుపునకు తెచ్చినచో క్రొవ్వును లెప్టిన్‌ను రెండును పెరుగును.

లావు తగ్గుటకు ఇది మందు కాదు

క్రొవ్వును కరిగించునది గనుక లావుగ నున్నవారందరికి ఈ హార్మోను మంచిది కాదా యని ప్రశ్న పుట్టుట సహజము. కాదనియే సమాధానము. స్థూలకాయులలో ఈ హార్మోను కొంత తక్కువగ నుండుట నిజమే. కాని వారి గ్రంథి చెడి కాదు, క్రొవ్వు పెరుగుటచేతనే అట్లు తగ్గును. ఆహారనియమము వలనను వ్యాయామము వలనను బరువు తగ్గినచో హార్మోను స్రావము తిరిగి కోలుకొనును. రోగమునకు ఫలితమైన దానిని రోగకారణమని పొరబడరాదు.

వార్ధక్యము విషయమునను ఇట్టి పొరపాటే జరిగినది. 1990లో అమెరికాలో 61 మొదలు 81 ఏండ్ల వయస్సు గల 12 మంది పురుషులకు ఆరునెలలు ఈ హార్మోను నిచ్చిరి. క్రొవ్వు నూటికి 14.4 వంతులు తగ్గి, క్రొవ్వు కాని భాగము నూటికి 8.8 వంతులు పెరిగినది. ఈ వార్త వినగానే, యౌవనమును తిరిగి తెచ్చు మందు దొరకినదని ప్రచారము బయలుదేరెను. ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన పరీక్షలన్నిటిని 2007లో కలిపి పరిశీలింపగా, క్రొవ్వు సగటున సుమారు 2 కిలోగ్రాములు మాత్రమే తగ్గినట్లును, బరువు మారనట్లును తేలినది. అందుకు బదులుగ కీళ్ళనొప్పులు, కాళ్ళవాపు, మణికట్టువద్ద నరము నొక్కుకొనుట, రక్తమున చక్కెర హెచ్చుట మొదలగు బాధలు హెచ్చుగ కలిగెను. మేలు స్వల్పము, కీడు అధికము.

చక్కెర హెచ్చుటను మన జనులు మరువరాదు. ఈ హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డువచ్చును. భారతీయుల దేహములందు, చూచుటకు సన్నగ నున్నను, క్రొవ్వుపాలు హెచ్చుగ నుండుట కలదు. మన దేశమున పెద్దలకు దేహభార సూచిక 23కు చేరినపుడే అధికభారముగను, 25కు చేరినచో స్థూలకాయముగను లెక్కింతురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మధుమేహమునకు ఇట్లు చేరువలో నున్నవారు, చక్కెరను పెంచు మందును అవసరము లేక తీసికొనుట కోరి ఆపద తెచ్చుకొనుటయే. దర్జీ టేపుతో నడుము కొలిచికొనుట, తినుటలో మితము, దినదినము నడక వారికి తగిన మార్గము.

చికిత్స జరుగు విధము

పూర్వము ఈ హార్మోనును మృతదేహముల పీయూషగ్రంథులనుండి తీసెడివారు. దానివలన కొందరికి మెదడును నాశనముచేయు క్రాయిట్స్‌ఫెల్ట్-యాకొబ్ వ్యాధి సంక్రమించినట్లు 1985లో తెలియగా ఆ వాడుకను మానిరి. ఆ యేడే, సూక్ష్మజీవులచే తయారుచేయింపబడిన హార్మోను అమెరికాలో ఆమోదము పొందెను. నేడు వాడబడునది ఇట్లు ప్రయోగశాలలో తయారైనదే గనుక ఆ వ్యాధిభయము లేదు.

హార్మోను అలలుగ వచ్చునది గనుక ఒక్కసారి రక్తము తీసి చూచినంతమాత్రమున లోపము నిర్ణయింప వీలుకాదు. గ్రంథిని ప్రేరేపించు మందు నిచ్చి, కొన్ని గంటలు పలుమార్లు రక్తము పరీక్షించి నిర్ణయింతురు. ఇది నిపుణుల పర్యవేక్షణలో ఆసుపత్రియందే జరుగవలెను.

చికిత్సయందు ఒక క్రమము పాటింపవలెను. పీయూషగ్రంథి చెడినవారికి అధివృక్క గ్రంథుల హార్మోనైన కార్టిసాల్, థైరాయిడ్ హార్మోను కూడ లోపించుట సామాన్యము. వీనిలో కార్టిసాల్ లోపము ప్రాణాంతకము కావచ్చును. కావున మొదట కార్టిసాల్, తరువాత థైరాయిడ్ సరిచేయబడవలెను. పెరుగుదల హార్మోను ఆ తరువాతి మాట. దీనిని మొదలుపెట్టిన పిమ్మట, దాగియున్న కార్టిసాల్, థైరాయిడ్ లోపములు బయటపడవచ్చును గనుక మరల పరీక్ష అవసరము.

మందును సాధారణముగ రాత్రివేళ చర్మము క్రింద సూదితో నిత్తురు. చాలమందికి దినమునకు 0.1 మొదలు 0.3 మిల్లీగ్రాము వరకు ప్రారంభించి, రక్తములోని ఐ.జి.ఎఫ్.-1 మట్టమును చూచి మెల్లగ సవరింతురు. యువకులకు కొంత హెచ్చు కావచ్చును. నోటిద్వారా ఈస్ట్రోజెన్ మాత్రలు వాడు స్త్రీలకును హెచ్చు మోతాదు కావలసివచ్చును. వాపు, కీళ్ళనొప్పి కలిగినచో మోతాదు తగ్గించిన తరచు సర్దుకొనును. క్యాన్సరు వ్యాధి సాగుచున్నవారికిని, మధుమేహమువలన కంటిపొరలో క్రొత్తనాళములు పెరుగుచున్నవారికిని ఈ మందు ఈయరాదు. చికిత్స ఆపినచో క్రొవ్వు తిరిగి చేరును. దానివెంట లెప్టిన్ కూడ పెరుగును.

ప్రజలు చేయవలసినది

కాన్పునందు అధిక రక్తస్రావమై, పాలు పడక, ముట్టు తిరిగి రాక, నిత్యము అలసటతో నున్న స్త్రీని సోమరియని నిందింపక, వైద్యునికి చూపవలెను. ఆ కాన్పు జరిగి ఎన్ని ఏండ్లయినను ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. రక్తపింజరి కాటునుండి బ్రతికినవారును, తలకు పెద్దదెబ్బ తగిలినవారును అకారణమైన నీరసము కలిగినచో ఆ పూర్వచరిత్రను దాచకుండ తెలుపవలెను. కాన్పులు ఆసుపత్రిలో జరుగునట్లు చూచుకొనుట షీహాన్ వ్యాధిని రాకుండ ఆపు మార్గము. పాముకాటుకు మంత్రములతో కాలము పోగొట్టక వెంటనే విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్చుట ప్రాణరక్షణకు మొదటి మెట్టు.

లావు తగ్గింతుమనియు, వయస్సు వెనుకకు మరలింతుమనియు చెప్పి ఈ హార్మోనును అమ్మువారి మాటలు నమ్మరాదు. వ్యాయామశాలలలో కండలకొరకు దీనిని పుచ్చుకొనుట అపాయకరము; క్రీడాపోటీలలో ఇది నిషిద్ధము. లెప్టిన్ పరీక్ష చేయించుకొని సంఖ్య చూచి కలత చెందుటయు అనవసరము. ఆ సంఖ్య ముఖ్యముగ క్రొవ్వు ఎంతయున్నదో చెప్పును, ఆ మాట నడుము చుట్టుకొలతయే చెప్పగలదు.

లేనిదానిని పూరించుట వైద్యము. ఉన్నదానిపై మరికొంత చేర్చుట వైద్యము కాదు. పెరుగుదల హార్మోను లోపించినవానికి అది బలమును మరల చేకూర్చు మందు. లోపము లేనివానికి అది చక్కెరను పెంచు భారము.